సిబ్బంది లేని స్టేషన్‌లో టికెట్ ఎవరిస్తారు?

ప్రశ్న: జపాన్ పల్లెల్లో సిబ్బందే లేని రైల్వే స్టేషన్లు ఉన్నాయట. అక్కడ టికెట్ ఎలా తీసుకుంటారండీ?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: మన హాల్టు స్టేషన్లలో కమీషన్ మీద టికెట్లు అమ్మే ఏజెంటైనా ఉంటాడు, ‘ముజిన్ ఎకి’ అనే ఆ స్టేషన్లలో చాలాచోట్ల ఆ మనిషి కూడా ఉండడు. డ్రైవరు ఒక్కడే నడిపే రైలులో సాధారణంగా వెనుక తలుపు నుంచి ఎక్కి, అక్కడి చిన్న యంత్రం నుంచి స్టేషన్ అంకె అచ్చయిన చీటీ తీసుకుంటారు. దిగేటప్పుడు ముందున్న బోర్డులో ఆ అంకె కింద కనిపించే ఛార్జీని, చీటీతో సహా, డ్రైవరు పక్కనున్న పెట్టెలో వేస్తారు. సరిపడా చిల్లర ముందే సిద్ధం చేసుకోవడం మంచిది. మనుషుల మీద ఉంచిన ఆ నమ్మకం నాకెంతో నచ్చుతుంది. వకయామాలోని కిషి స్టేషన్‌లో 2006లో సిబ్బందిని తీసేశాక, 2007లో తమా అనే పిల్లిని స్టేషన్ మాస్టరుగా నియమించారు. దాన్ని చూడడానికి జనం రైలెక్కి వచ్చారు.