బోటు ఊగితే రాడార్ చిత్రం ఎందుకు చెదురుతుంది?

ప్రశ్న: బోటుకు కొత్తగా రాడార్ పెట్టించాం. అలలు పెరిగితే స్క్రీన్ మీద పక్క బోట్లు గీతల్లా సాగిపోతున్నాయి. యాంటెన్నా ఊగకుండా పట్టి ఉంచే స్టాండు కొనమంటున్నారు. కొనాలా? – బోటు యజమాని, విశాఖపట్నం

జవాబు: కొనకండి. ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది. ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ స్టాండే అంటగడుతున్నారు.

మీ రాడార్ కిరణం అడ్డంగా సన్నగా ఉన్నా, నిలువుగా దాదాపు 25 డిగ్రీలు పరుచుకుంటుంది. బోటు పది డిగ్రీలు ఒరిగినా పక్క బోటు అందులోనే ఉంటుంది. కిరణం నిలువుగానూ సన్నగా ఉండే కొన్ని యుద్ధనౌకల రాడార్లకు మాత్రం ఊపును పసిగట్టే గైరోలు, మోటార్లతో యాంటెన్నాను నిలబెట్టాలి, లేదా కిరణాన్నే కంప్యూటర్‌తో సర్దాలి.

మీ ఇబ్బంది ఒరగడంతో కాదు, బోటు ముందు కొస అటూ ఇటూ తిరగడంతో. యాంటెన్నా నిమిషానికి 24 చుట్లు తిరుగుతుందనుకుందాం. ఒక చుట్టుకు రెండున్నర సెకన్లు. ఆలోపు బోటు 5 డిగ్రీలు తిరిగితే, రెండు నాటికల్ మైళ్ల దూరంలోని బోటు స్క్రీన్ మీద 300 మీటర్లకు పైగా జరిగిపోతుంది. బోటు ముందు కొస ఏ దిక్కుకు ఉందో రాడార్‌కు చెప్పే హెడింగ్ సెన్సర్ పెట్టించి, స్క్రీన్ మీద ఉత్తరం ఎప్పుడూ పైనే ఉండే నార్త్-అప్‌లో చూడండి. జీపీఎస్ చూపే ప్రయాణ దిశ చాలదు. వల లాగేటప్పుడు బోటు ఒకవైపు చూస్తూ మరోవైపు కొట్టుకుపోతుంది.

నాకు అసలు టెన్షన్ ఆ సెన్సర్ వైరు గురించే. బోటు పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఎన్ఎంఈఏ 0183 పద్ధతిలో హెడింగ్, అంటే ముందు కొస దిశ, మామూలు అక్షరాలుగా వెళ్తుంది. చివర ఉండే చెక్‌సమ్ అనే సరిచూపు సంఖ్య పొరపాటును పట్టుకుంటుంది కానీ, పంపింది ఎవరో అడగదు. ఆ వైరును ఫోన్‌లో చూసుకోవడానికని వైఫైకి కలిపి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ అలాగే వదిలేస్తే, దగ్గర్లో ఉన్నవాళ్లు దొంగ దిశ పంపే దారి తెరిచినట్టే. చిత్రం చక్కగానే కనిపిస్తుంది, పక్క బోటు మాత్రం తప్పు దిక్కులో ఉంటుంది. జీపీఎస్‌నూ ఇలాగే మోసగించవచ్చు. 2017 జూన్‌లో నల్ల సముద్రంలో జీపీఎస్ ఓడలను ఒడ్డున ఉన్న విమానాశ్రయంలో చూపించింది. అలాంటప్పుడు నమ్మదగినది రాడారే. దాన్నీ పాస్‌వర్డ్ మార్చమని అడగని వైఫై డబ్బాకు తగిలించి అమ్మడం క్షమించరాని నిర్లక్ష్యం.

వేటకు వెళ్లినప్పుడు వైఫై ఆపేయండి. బయల్దేరేటప్పుడు డాల్ఫిన్స్ నోస్ కొండ ఏ దిక్కున ఉందో దిక్సూచిలో చూసి, రాడార్‌లోనూ చూడండి. రెండూ బాగా తేడాగా ఉంటే సెన్సర్ సరిచేసేదాకా చీకట్లో ఆ స్క్రీన్‌ను నమ్మి నడపకండి.