ఫ్రిజ్‌లో గ్యాస్ అయిపోదు, అమ్మలూ

అమ్మలూ,

నువ్వు ఏసీ, రిఫ్రిజిరేషన్ పని నేర్చుకోవడానికి చేరుతున్నావని రాత్రి అక్క ఫోన్‌లో చెప్పింది. ఆ తర్వాత చాలాసేపు నిద్ర పట్టలేదు. ముప్పై ఐదేళ్లు నేను చేసిన పనిని నా మేనకోడలు కోరి ఎంచుకుందంటే గుండె నిండిపోయింది. అంతలోనే, నాలుగో అంతస్తు గోడకు బిగించిన అవుట్‌డోర్ యూనిట్ పక్కన నువ్వు నిలబడి ఉన్నట్టు కళ్లకు కట్టింది. లేచి లైటేసుకుని ఇది రాస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందు మెయిన్ ఆపు. కరెంటు ఆపినా కెపాసిటర్‌లో చార్జ్ మిగిలి ఉంటుంది, డిశ్చార్జ్ చేసి, మీటర్ పెట్టి చూశాకే ముట్టుకో. కళ్లద్దాలు, గ్లౌజులు మరవకు. ఇవన్నీ క్లాసులో చెబుతారు. ఎత్తులో పనిచేసేటప్పుడు కట్టుకునే సేఫ్టీ బెల్టు సంగతి మాత్రం నా నోటితో చెప్పాలి. ‘ఐదు నిమిషాల పనేగా’ అని సన్‌షేడ్ మీదకు దిగొద్దు. నాతో పనిచేసినవాడు ఒకడు అలాగే దిగి పడ్డాడు. బతికాడు కానీ మళ్లీ నిచ్చెన ఎక్కలేదు. బెల్టు తగిలించుకోవడానికి గట్టి ఆధారం లేకపోతే వెనక్కి వచ్చేయ్. కస్టమర్ అరిస్తే అరవనీ, ఆ రోజు కూలి పోతే పోనీ. చిన్నప్పటి నుంచీ నీది మొండిపట్టు. ఆ మొండితనం ఇక్కడ చూపించు.

ఆరు నెలల కోర్సా, రెండేళ్లదా అని తేల్చుకోలేకపోతున్నావట. కుదిరితే రెండేళ్లదే చెయ్యి. చేరే ముందు వర్క్‌షాపు చూపించమని అడుగు. పిల్లలు తమ చేత్తో పైపు అంచు విప్పి ఫ్లేర్ చేస్తున్నారా, పైపులు కాల్చి అతికే బ్రేజింగ్ చేస్తున్నారా, మిషన్లు నడుస్తున్నాయా, దుమ్ము పట్టి ఉన్నాయా చూడు. కరెంటు పాఠాలు తేలిగ్గా తీసుకోకు. ‘కూలింగ్ లేదు’ అని పిలిచిన ఇళ్లలో చాలాచోట్ల నాకు దొరికింది కాలిన వైరో, పోయిన కెపాసిటరో, మట్టి పట్టిన కాయిలో. గ్యాస్ తక్కువైన మిషన్లు జనం అనుకునేన్ని ఉండవు.

గ్యాస్ మాట వచ్చింది కాబట్టి, మీ అమ్మకు కూడా చెప్పని సంగతి ఒకటి చెబుతాను.

పనిలో చేరి రెండేళ్లు. ఒక చిన్న ఆసుపత్రిలో టీకాలు పెట్టే ఫ్రిజ్ సరిగా చల్లబడటం లేదని కబురొచ్చింది. గేజి పెట్టాను, ప్రెషర్ తక్కువ. అప్పట్లో ఫ్రిజ్‌లలో ఆర్-12 గ్యాస్ ఉండేది. నింపాను, చల్లబడింది. నర్సమ్మ మెచ్చుకుంది. వెళ్లేముందు ఫ్రిజ్ వెనక, గ్యాస్‌ను కంప్రెసర్‌కు తీసుకెళ్లే సక్షన్ పైపు అతుకు దగ్గర జిడ్డుగా ఒక మరక కనిపించింది. పని శుభ్రంగా కనిపించాలని దాన్ని గుడ్డతో తుడిచేశాను.

ఆ మరకే లీకు, అమ్మలూ. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంటుంది. గ్యాస్ కారే చోట అది బయటికి చెమ్మగిల్లుతుంది. మిషన్ తన జబ్బు ఎక్కడుందో చూపిస్తే నేను దాన్ని చెరిపేసి వచ్చాను.

రెండు నెలలకు మళ్లీ పిలిచారు. మళ్లీ నింపాను. ‘పాత ఫ్రిజ్ కదా, గ్యాస్ తాగుతుంది’ అన్నాను. ఎంత తప్పు మాట! గ్యాస్ పెట్రోలు కాదు. మూసిన పైపుల్లో అదే గ్యాస్ ఆవిరవుతూ, మళ్లీ ద్రవమవుతూ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడినట్టే. నాకు ఆ పాఠం తెలుసు, పరీక్షలో రాశాను కూడా. వెతకడానికి ఓపిక చాలలేదు, అంతే.

మూడోసారి అది చెడిపోయినప్పుడు వరసగా రెండు రోజులు సెలవులు. తలుపు తీసేసరికి లోపల గది ఎంత వేడిగా ఉందో అంత వేడి. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పాడైందీ లేనిదీ అప్పుడు సీసా చూసి చెప్పలేకపోయాం కాబట్టి అన్నీ పారేయాల్సి వచ్చింది. నేను వెళ్లేసరికి నర్సమ్మ ఒక్కో సీసా లెక్కపెట్టి డబ్బాలో వేస్తోంది. వరండాలో పసిపిల్లలను ఎత్తుకున్న తల్లులు ఉన్నారు. ఈ రోజు సూది లేదని చెబితే లేచి వెళ్లిపోయారు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

సాయంత్రం మా గురువుగారు వచ్చి, మంటతో లీకు పట్టే హాలైడ్ టార్చ్ వెలిగించారు. దాని గొట్టం అతుకు దగ్గర పెట్టగానే నీలి మంట ఆకుపచ్చగా మారింది. సరిగ్గా నేను తుడిచిన చోటే.

అందుకే చెబుతున్నా, ముందు లీకు పట్టుకో, ఆ తర్వాతే గ్యాస్. పొడి నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి సబ్బునీళ్లు రాయి. నైట్రోజన్ దొరకలేదని ఆక్సిజన్ ఎన్నడూ ఎక్కించకు, లోపలి ఆయిల్‌తో కలిస్తే పేలిపోతుంది. అతుకు వేసేటప్పుడు పైపులో సన్నగా నైట్రోజన్ వదులు, లేకపోతే లోపల నల్లటి పొట్టు కట్టి కేపిలరీ అనే సన్నటి గొట్టానికి అడ్డం పడుతుంది. తర్వాత వాక్యూమ్, అంటే పంపుతో పైపుల్లోని గాలి, తేమ లాగేయడం. గడియారం చూసి పంపు ఆపేయకు, లోపల ఇంకా ఎంత గాలి మిగిలిందో చూపే మైక్రాన్ గేజి చూడు. 500 మైక్రాన్ల కంటే దిగాలి, పంపు మూశాక మళ్లీ పైకి ఎగబాకకూడదు. చివరికి గ్యాస్ తూకం వేసి, మిషన్ ప్లేటు మీద రాసినంతే నింపు.

ఒకటి జాగ్రత్త. మా గురువుగారు చేసినట్టు మంటతో లీకు వెతకొద్దు. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండే ఆర్-600ఏ, చిన్న కమర్షియల్ మిషన్లలో వస్తున్న ఆర్-290 వంటగ్యాస్ జాతివే, భగ్గున అంటుకుంటాయి. ఏసీల్లో వాడే ఆర్-32కి కూడా కొంత మండే గుణం ఉంది. నాకు పాఠం నేర్పిన పనిముట్టే నీ ప్రాణం తీయగలదు. నేను చెప్పిందైనా సరే, ఎందుకో అడిగి తెలుసుకున్నాకే చెయ్యి.

భవిష్యత్తు ఉంటుందా అని అక్క అడిగింది. ఓజోన్ పొర కోసం 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగాక నేను నేర్చిన ఆర్-12 పోయింది. 2016లో రువాండా రాజధాని కిగాలీలో, వాటి స్థానంలో వచ్చిన, భూమిని వేడెక్కించే హెచ్‌ఎఫ్‌సీ గ్యాస్‌లనూ తగ్గించాలని ఒప్పుకున్నారు. ఏసీల్లో వాడే ఆ జాతి గ్యాస్ ఆర్-410ఏ ఒక కిలో గాలిలో కలిస్తే సుమారు రెండు వేల కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. గ్యాస్ మారిన ప్రతిసారీ కొత్తది తెలిసిన చేతులు కావాలి. ప్రపంచంలో 160 కోట్ల ఏసీలున్నాయనీ, 2050 నాటికి 560 కోట్లవుతాయనీ అంతర్జాతీయ ఇంధన సంస్థ 2018లో అంచనా వేసింది. చలి దేశాల్లో ఇల్లు వెచ్చబెట్టే హీట్ పంపులోనూ ఇదే కంప్రెసర్, ఇదే పైపులు. ఇవి కాక కోల్డ్ స్టోరేజీలు, డేటా సెంటర్లు, ఆపరేషన్ థియేటర్లు ఉన్నాయి. మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువ, బరువులు మోయడం ఎక్కువ. అప్పుడు మానేయాలనిపిస్తుంది. మానకు. కంట్రోల్స్, పెద్ద భవనాలను చల్లబరిచే చిల్లర్లు నేర్చుకుంటే నిన్నే వెతుక్కుంటూ వస్తారు.

ఆడపిల్లవని సామాన్లు అందించే పనికే పరిమితం చేయబోతే ఊరుకోకు. గేజి నీ చేతికి అడిగి తీసుకో.

నా ఫ్లేరింగ్ సెట్టు, క్లాంప్ మీటరు తుడిచి పక్కన పెట్టాను. కొత్త బెల్టు కొంటాను, నీ నడుం కొలత పంపమని అక్కకు చెప్పాను. గురువుగారి టార్చ్ మాత్రం నా దగ్గరే ఉంటుంది.

నీ అంతట నువ్వు మొదటి లీకు పట్టుకున్న రోజు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా సరే.

మీ మామయ్య