45 మందే ఉన్న ఫుట్‌బాల్ జట్టు: బాబుని చేర్పించవచ్చా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా అబ్బాయి పన్నెండో తరగతి, స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో అఫెన్సివ్ గార్డ్ (ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్లని అడ్డుకునేవాడు). మిడ్‌వెస్ట్‌లోని ఒక చిన్న డివిజన్-3 కాలేజీ కోచ్ ‘మొదటి ఏడాదే ఆడిస్తా’ అంటున్నాడు. జట్టులో 45 మందే ఉన్నారు. ఏటా 22 వేల డాలర్ల స్కాలర్‌షిప్ కూడా ఇస్తారట. నమ్మొచ్చా?

జవాబు: ముందు డబ్బు సంగతి. డివిజన్-3 కాలేజీలు ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వకూడదన్నది కాలేజీ ఆటలని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధన. అంటే ఆ 22 వేలు చదువుని బట్టో, మీ ఆదాయాన్ని బట్టో ఇస్తున్నవి. మీకు ఇదే మేలు: రేపు బాబు ఆట మానేసినా ఆ కారణంతో డబ్బు ఆపకూడదు. జీపీఏ ఎంతకి పడితే ఆగుతుందో మాత్రం లెటర్‌లో చూసుకోండి. బాబు ఇంకా హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీదే ఉంటే ఫెడరల్ ప్రభుత్వ సాయం రాదు, ఆ మేరకు లెక్క వేసుకోండి.

ఇక 45 మంది మాట. అఫెన్స్‌కి (బంతి మనదైనప్పుడు ఆడేవాళ్లు) 11, డిఫెన్స్‌కి (ఎదుటివాళ్లని ఆపేవాళ్లు) 11, ఒక్కో చోటికి ఇద్దరు చొప్పున 44. కాగితం మీద సరిపోయింది. కానీ పాస్‌లు పట్టే 80 కిలోల రిసీవర్‌ని, ఢీకొట్టే 130 కిలోల డిఫెన్సివ్ టాకిల్ ఎదుట నిలబెట్టలేరు కదా! చిన్న జట్లు కూలేది లైన్ (ఎదుటివాళ్లని ఢీకొనే ముందు వరస) దగ్గరే. అఫెన్సివ్ లైన్‌లో ఒకేసారి అయిదుగురు ఆడాలి. మొత్తం ఎనిమిది మందే ఉండి ఇద్దరికి మోకాళ్లు దెబ్బతింటే, ఉన్నవాళ్లని కాపాడుకోవడానికి కోచ్ ప్రాక్టీసులో గట్టిగా తలపడనివ్వడు. వారమంతా మెల్లగా ఆడిన పిల్లలు శనివారం తమ బదులు దిగేవాళ్లు లేక మ్యాచ్ అంతా ఆడాలి. కొందరు అఫెన్స్, డిఫెన్స్ రెండూ ఆడతారు. అలసిన కాళ్లకి దెబ్బలు తేలిగ్గా తగులుతాయి, జట్టు ఇంకా చిక్కిపోతుంది. అయోవాలోని గ్రిన్నెల్ కాలేజీకి డబ్బుకి లోటు లేదు. అయినా 2019లో 39 మందిలో ఆడగలిగేవాళ్లు 28 మందే మిగలడంతో సీజన్ మధ్యలో మిగతా మ్యాచ్‌లన్నీ రద్దు చేసుకుంది. ‘మొదటి ఏడాదే ఆడిస్తా’ అన్న మాట నిజమే కావచ్చు, వేరే గతి లేక.

కాలేజీ వెబ్‌సైట్‌లో రోస్టర్ (ఆటగాళ్ల జాబితా) తెరిచి లైన్‌మెన్‌ని లెక్కపెట్టండి. అఫెన్సివ్ లైన్‌కి పదిమంది లేకపోతే నేనైతే వెనకాడతాను. నిరుటి రోస్టర్‌లోని ఫస్టియర్ పేర్లని ఈ ఏటి సెకండియర్ పేర్లతో పోల్చండి. సగం మాయమైతే కారణం కోచ్‌నే అడగండి. సీజన్ మొదట్లో, ఆగస్టులో చెప్పే సంఖ్యని నమ్మొద్దు. చివరి మ్యాచ్ బాక్స్ స్కోర్‌లో (మ్యాచ్ గణాంకాల పట్టికలో) నిజంగా ఎవరెవరు ఆడారో తెలుస్తుంది. దెబ్బల సంగతి చూసే ఫుల్‌టైమ్ అథ్లెటిక్ ట్రైనర్లు ఎందరున్నారో, వాళ్లు ఎన్ని జట్లని చూస్తారో కూడా అడగాలి.

జట్టు మూతపడ్డంత మాత్రాన కాలేజీ మూతపడదు. ఇండియానాలోని అర్లమ్ కాలేజీ వరసగా 53 మ్యాచ్‌లు ఓడి, 2018 సీజన్ తర్వాత ఫుట్‌బాల్ ఆపేసింది, కాలేజీ మాత్రం నడుస్తోంది. అసలు భయపడాల్సింది కాలేజీయే మూతపడటానికి. అలబామాలో బర్మింగ్‌హామ్-సదర్న్ కాలేజీని 2024 మే 31న మూసేశారు. ప్రైవేటు కాలేజీలకి అమెరికా విద్యాశాఖ ఇచ్చే ఆర్థిక స్కోరు చూడండి: అది -1 నుంచి 3 దాకా ఉంటుంది, 1.5 కంటే తక్కువైతే జాగ్రత్త.

బాబుకి కావలసిన మేజర్ అక్కడ ఉండి, ఆట లేకపోయినా అక్కడే చదువుతానంటే చేర్పించండి. డిపాజిట్ కట్టేముందు మాత్రం ఒక ప్రాక్టీసు చూసి రండి, లైన్‌మెన్ ఎందరు దిగారో అక్కడే తేలిపోతుంది.