సొలిసిటర్ దొరకలేదంటే కేసులో పస లేదనా?

ప్రశ్న: మేడమ్, మేం ఇంగ్లండ్‌లో ఉంటాం. వంటగది మార్పించడానికి బిల్డర్‌కి 8,400 పౌండ్లు కట్టాం. సగంలో వదిలేసి వెళ్లాడు, చేసిన పనీ వంకరటింకరే. ఐదుగురు సొలిసిటర్లను అడిగాం, ఒక్కరూ తీసుకోలేదు. మా కేసు అంత బలహీనమా?

జవాబు: కేసు బలహీనమై కాదు, లెక్క కుదరక. ఇక్కడ 10,000 పౌండ్ల లోపు ఇలాంటి వివాదాలు మామూలుగా స్మాల్ క్లెయిమ్స్, అంటే చిన్న మొత్తాల కేసుల కోర్టు పద్ధతి కిందకి వెళ్తాయి. గెలిస్తే కోర్టు ఫీజు, కొన్ని చిన్న ఖర్చులు తిరిగొస్తాయి గానీ సొలిసిటర్ ఫీజు దాదాపు మీ జేబులోంచే. గంటల లెక్కన బిల్లు వేసే సొలిసిటర్లం మేం, మీకొచ్చే దాంట్లో పెద్ద ముక్క మేమే తినేస్తాం. అందుకే వద్దంటాం. ఆ కారణం విప్పి చెప్పకపోవడం మాత్రం మా తప్పే. వచ్చిన కేసు తీసుకోవాలన్న నియమం కోర్టులో వాదించే బారిస్టర్లకు ఉంది, మాకు లేదు.

ఆరో సొలిసిటర్ కోసం తిరక్కండి. ముందు హోమ్ ఇన్సూరెన్స్ పాలసీ తీసి, లీగల్ ఖర్చుల కవర్ ఉందేమో చూడండి. అడ్వాన్స్ మాత్రమే క్రెడిట్ కార్డుతో కట్టినా సరే, 1974 కన్స్యూమర్ క్రెడిట్ చట్టం 75వ సెక్షన్ కింద మొత్తం నష్టానికి కార్డు కంపెనీని అడగొచ్చు. చాలామందికి ఇది గుర్తుండదు.

అవేవీ లేకపోతే మీరే వేయొచ్చు. మరో బిల్డర్‌తో మిగిలిన పనికి, సరిచేయడానికి రాతపూర్వకంగా కొటేషన్ తీసుకోండి. దాన్నీ, ఫొటోలనూ జతచేసి, 14 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే కోర్టుకు వెళ్తానని ఉత్తరం రాయండి. కోపం వద్దు, తేదీలూ అంకెలూ చాలు. 2015 కన్స్యూమర్ రైట్స్ చట్టం ప్రకారం పని తగిన జాగ్రత్తతో, నైపుణ్యంతో చేయాలి, ఆ మాట పెట్టండి. తర్వాత ఆన్‌లైన్‌లో క్లెయిమ్ వేయండి. అవతలివాడు ఎదురు వాదిస్తే, మామూలుగా ముందు ఫోన్‌లో గంటసేపు ఉచిత మీడియేషన్, అంటే మధ్యవర్తితో రాజీ ప్రయత్నం ఉంటుంది, అది తప్పించుకోకండి. ఒప్పందం ఉల్లంఘనకు గడువు ఆరేళ్లు, కాబట్టి కంగారు లేదు.

కంగారు పడాల్సింది ఒక్కచోట. ఇన్‌వాయిస్ మీద ఎవరి పేరుంది? చివర 'లిమిటెడ్' అని ఉంటే మీ క్లెయిమ్ ఆ కంపెనీ మీదే, మనిషి మీద కాదు. కంపెనీల రిజిస్టర్ ఉంచే కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్‌లో ఆ పేరు కొట్టి చూడండి. రిజిస్టర్ నుంచి తీసేస్తున్నట్టు నోటీసు కనిపిస్తే ఆ రోజే అభ్యంతరం పెట్టండి, కంపెనీయే లేకుండా పోతే క్లెయిమ్ ఎవరి మీద వేస్తారు? ఉత్తరం సంగతి తర్వాత.