ఎదిగే పిల్లలు, అడగలేని ప్రశ్నలు

ప్రశ్న: ప్రకాశం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. ఆరోగ్యం, జీవన నైపుణ్యాల తరగతుల బాధ్యతను ఈ ఏడాది నాకూ మరో ఉపాధ్యాయుడికీ అప్పగించారు. శరీరంలో వచ్చే మార్పుల గురించి మాట ఎత్తగానే తొమ్మిదో తరగతి మగపిల్లలు ముసిముసిగా నవ్వుకుంటారు, ఆడపిల్లలు తలలు దించుకుంటారు. దానికి తోడు, సిలబస్ మిగిలిపోయిందంటూ లెక్కల మాస్టారు ఆ పీరియడ్ తనకిమ్మని అడుగుతుంటారు. ఎలా నెగ్గుకురావాలి?

జవాబు: ముందు పీరియడ్ సంగతి చూద్దాం. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకమైన ఆయుష్మాన్ భారత్ కింద 2020 ఫిబ్రవరిలో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం, ప్రతి పాఠశాలలో ఇద్దరు ఉపాధ్యాయులకు, వీలైతే ఒక మహిళకూ ఒక పురుషుడికీ, శిక్షణనిచ్చి వారి చేత ఈ తరగతులు చెప్పించాలని నిర్దేశించింది. అందులోని 11 అంశాలలో శారీరక ఎదుగుదలతో పాటు మానసిక ఆరోగ్యం, స్నేహాలు, ఆడ మగ సమానత్వం, ఆహారం, మత్తు పదార్థాలు, హింస నుంచి రక్షణ, ఇంటర్నెట్ వాడకం కూడా ఉన్నాయి. ఇది జీవశాస్త్రంలో ఒక పాఠం కాదని ప్రధానోపాధ్యాయులకు ఈ జాబితా చూపించి చెప్పండి. వారానికి ఒక పీరియడ్‌ను టైంటేబుల్‌లో పేరు పెట్టి రాయించుకోండి. పేరు లేని పీరియడ్ అయితే ఎవరికైనా ఖాళీగానే కనిపిస్తుంది, అందులో లెక్కల మాస్టారి తప్పేమీ లేదు.

ఇక నవ్వుల విషయం. ఆ నవ్వులో అల్లరి కంటే బెరుకే ఎక్కువ కాబట్టి గద్దించవద్దు. అయితే మొదటి వారమే శరీరం దగ్గర మొదలుపెట్టడం కూడా సరికాదు. కోపం, స్నేహితుల ఒత్తిడి, ఫోన్‌లో అపరిచితులు పంపే సందేశాలు వంటి విషయాలతో కొన్ని వారాలు నడిపితే, ఇక్కడ ఏం మాట్లాడినా ఎవరూ వెక్కిరించరన్న నమ్మకం పిల్లలకు కుదురుతుంది. ఉదాహరణలు చెప్పేటప్పుడు ‘నీకైతే ఏం చేస్తావు’ అని ఎవరినీ నిలబెట్టి అడగకుండా, ‘తొమ్మిది చదివే ఒక అబ్బాయికి ఇలా జరిగింది, అతను ఏం చేసి ఉండవచ్చు’ అని కథగా అడగండి.

ప్రశ్నల కోసం ఒక ఖాళీ సుద్దముక్కల పెట్టెకు మూత మీద చీలిక పెట్టి ఉంచండి. అందరికీ ఒకే కొలత చీటీలు ఇచ్చి, ప్రశ్న లేనివారు కూడా ఏదో ఒక వాక్యం రాసి వేయాలని చెప్పండి. అప్పుడు ఎవరు అడిగారో, ఎవరు అడగలేదో పక్కవాడికి కూడా తెలియదు. ఇంటికి తీసుకెళ్లి చదివి, తర్వాతి వారం జవాబులు చెప్పండి. నిద్రలో వీర్యస్ఖలనం జరగడం జబ్బేనా, నెలసరి రెండు నెలలు రాకపోతే ప్రమాదమా అన్నవి దాదాపు తప్పకుండా వస్తాయి. మొదటిది ఆ వయసులో సహజం. రెండోది రజస్వల అయిన తొలి ఏళ్లలో సాధారణంగా కనిపించేదే, మరీ ఎక్కువ కాలం ఆగితే డాక్టరుకు చూపించుకోవాలి. మీ సొంత జీవితం గురించి అడిగిన చీటీని మాత్రం చదవకుండా పక్కన పెట్టే హక్కు మీకుంది.

నెలసరి పాఠానికి మగపిల్లలను బయటకు పంపే ఆనవాయితీతో నేను ఏకీభవించను. గౌను మీద మరక చూసి నవ్వేది వాళ్లే కనుక ఆ పాఠం వాళ్లకే ఎక్కువ అవసరం. ప్యాడ్ మార్చుకోవడం, వాడినది పారవేయడం, కడుపునొప్పి వంటి సందేహాలకు ఆడపిల్లలతో విడిగా కొంతసేపు కూర్చుంటే సరిపోతుంది.

ప్రశ్న: వరంగల్ జిల్లాలో తెలుగు ఉపాధ్యాయురాలిని. ఇలాంటి తరగతి ముగిశాక ఒక బాలిక నా దగ్గరకు వచ్చి, బంధువొకరు తనతో అసభ్యంగా ప్రవర్తిస్తున్నాడని చెప్పి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయమంది. ఏం చేయాలి?

జవాబు: ఒట్టు వేయకూడదు. ‘నిన్ను కాపాడటానికి అవసరమైన వాళ్లకు మాత్రమే చెబుతాను’ అనండి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం ఇలాంటి విషయం తెలిసిన ఎవరైనా స్థానిక పోలీసులకు గానీ ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ తెలియజేయాలి. తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారిపై కేసు పెట్టే వీలు లేదు. ప్రధానోపాధ్యాయులకు చెప్పినంత మాత్రాన మీ బాధ్యత తీరిపోదు. ఎటు వెళ్లాలో పాలుపోకపోతే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి, అది ఉచితం.

ఆ అమ్మాయిని గుచ్చిగుచ్చి ప్రశ్నించవద్దు. చెప్పిన మాటలను చెప్పినట్లే, తేదీతో సహా అదే రోజు రాసిపెట్టుకోండి. ఆ బంధువును పిలిపించి నిలదీయడం, పెద్దమనుషుల్లో పెట్టడం ఎంతమాత్రం చేయకూడదు. అతను ఆ ఇంట్లోనే ఉంటే, ఇంట్లోవాళ్లకు ఎప్పుడు, ఎవరి ద్వారా చెప్పాలో కూడా పోలీసులతో, బాలల సంక్షేమ సమితితో మాట్లాడాకే నిర్ణయించాలి. స్టేషన్ అంటే ఆ అమ్మాయి భయపడితే, వాంగ్మూలం ఆమె ఇంట్లో గానీ ఆమె కోరుకున్న చోట గానీ తీసుకోవాలనీ, వీలైనంతవరకు మహిళా అధికారే, యూనిఫాం లేకుండా రావాలనీ చట్టంలోనే ఉందని చెప్పండి. సిబ్బంది గదిలో ఆమె పేరు ఎక్కడా వినపడకుండా చూసుకోండి.