14 లక్షల ఇంటీరియర్ కొటేషన్... కట్టాల్సింది 16.52 లక్షలు

ప్రశ్న: బాచుపల్లిలో కొన్న త్రిబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ మూడు నెలల్లో చేతికొస్తుంది. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 1.45 లక్షలు. గృహరుణం ఈఎంఐ 52,000. కొత్త ఇంటికి మారాక మెయింటెనెన్స్‌తో కలిపి ఖర్చులు 45,000 అవుతాయి. బ్యాంకులో 9 లక్షలున్నాయి. ఒక ఇంటీరియర్ డిజైనర్ 14 లక్షల కొటేషన్ ఇచ్చి, సగం ముందే కట్టమంటున్నారు. ఉన్నదంతా పెట్టి, తక్కువ పడినదానికి పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు పంపిన కొటేషన్ చివరి పేజీలో ‘పన్నులు అదనం’ అని ఉంది. ఈ పనులపై జీఎస్టీ 18 శాతం. అంటే మరో 2.52 లక్షలు. బిల్లు లేకుండా చేస్తే పన్ను ఉండదు కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆర్నెల్లకే తలుపులు ఊడితే వినియోగదారుల కమిషన్‌కు చూపించడానికి మీ చేతిలో కాగితం ఉండదు.

ఇక మీ 9 లక్షలు. ఈఎంఐ, ఖర్చులు కలిపి నెలకు 97,000. ఆరు నెలలకు సరిపడా 5.8 లక్షలు ముట్టుకోకూడదు. మిగిలేది 3.2 లక్షలు. దీనికి గృహరుణంపై టాప్‌అప్‌గా (ఉన్న రుణం మీదే అదనంగా ఇచ్చే అప్పు) 4 లక్షలు కలిపి, 7.2 లక్షల దగ్గర గీత గీయండి. పన్ను పోను పనికి దక్కేది 6.1 లక్షలే.

టాప్‌అప్ కొంతకాలం ఈఎంఐలు సక్రమంగా కట్టినవాళ్లకే ఇస్తారు, మీ బ్యాంకులో ఇప్పుడే కనుక్కోండి. 9 శాతం వడ్డీ అనుకుంటే మూడేళ్లకు ఈఎంఐ 12,720, మొత్తం వడ్డీ సుమారు 58,000. అదే అప్పును 20 ఏళ్లకు సాగదీస్తే ఈఎంఐ 3,600 అని ముద్దుగానే ఉంటుంది. వడ్డీ మాత్రం 4.64 లక్షలు! అల్మరా పాడైపోయాక కూడా దాని వాయిదా కడుతూనే ఉంటారు. మీరనుకున్నట్టు 7.5 లక్షల పర్సనల్ లోన్ 13 శాతానికి ఐదేళ్లు తీసుకుంటే వడ్డీయే 2.74 లక్షలు, పైగా బ్యాంకు ఖాతా ఖాళీ.

ఆ డబ్బుతో ముందు వంటగది, రెండు వార్డ్‌రోబ్‌లు, కరెంటు పాయింట్లు, హాలుకు ఫాల్స్ సీలింగ్. సీలింగ్ దుమ్ము పని, కాపురం పెట్టాక చేయించడం నరకం. టీవీ యూనిట్, మూడో గది అల్మరా, గోడ ప్యానెళ్లు రెండేళ్ల తర్వాతైనా బిగించుకోవచ్చు.

డిజైనర్‌కు ఈ 7.2 లక్షల అంకె ముందే చెప్పేయండి. డ్రాయింగ్‌ల ఫీజు విడిగా, స్థిరంగా మాట్లాడుకోండి. మొత్తం ఖర్చులో ఇంత శాతం అంటే, ఖర్చు పెరిగిన కొద్దీ ఆయన ఫీజూ పెరుగుతుంది. ఆయన చేసిన ఇళ్లలో నిన్నటిది కాదు, మూడేళ్ల కిందటిది చూపించమనండి. అక్కడ సింక్ కింది అర తెరిచి చూడండి.

కొటేషన్‌లో వార్డ్‌రోబ్ 1,18,800 అని ఒకే ముక్కలో రాశారు. విడదీస్తే 8 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు, 56 చదరపు అడుగులు. చదరపు అడుగుకు 1,650 చొప్పున 92,400. మిగతా 26,400 పైనున్న 2 అడుగుల లాఫ్ట్‌ది (అటక అర). కొలత ముందు ముఖానికేనా, లోపలి పలకలకు కూడానా అన్నది రాతలో ఉండాలి. అది తేలకుండా ఇద్దరి రేట్లు పోల్చడం దండగ.

‘ప్లై’ అని రాస్తే చాలదు. వంటగదికి నీటిని తట్టుకునే ఐఎస్ 710 రకం ప్లైవుడ్ 18 మిల్లీమీటర్లది, పడకగదులకు మామూలు వాడకానికి పనికొచ్చే ఐఎస్ 303 చాలు. కోత మొదలవక ముందే షీటుపై ముద్ర చూసి ఫోటో తీసుకోండి. సింక్ దగ్గర ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన పలక) వద్దు, అంచుకు అతికించే పట్టీ (ఎడ్జ్ బ్యాండ్) కాస్త లేచినా నీరు పీల్చి ఉబ్బుతుంది. తుది కొలతలు బిల్డర్ ప్లాన్ చూసి కాదు, టైల్స్ పడ్డాక సైట్‌లోనే తీయించండి. ప్లాస్టరింగ్ మందానికి గోడ అంగుళం అటూఇటూ అయినా కిచెన్ డబ్బాలు (తలుపులు బిగించని అల్మరా పెట్టెలు) అందులో పట్టవు.

సగం ముందే ఇవ్వకండి. ఒప్పందం రోజు 10 శాతం, సరుకు దిగాక 40, డబ్బాలు బిగించాక 30, తలుపులు, ఫినిషింగ్ అయ్యాక 15. చివరి 5 శాతం మీరు ఇంట్లో చేరిన నెలకు. డ్రాయర్లు గిన్నెల బరువుకు కిందికి జారేదీ లేనిదీ అప్పటికి తెలిసిపోతుంది.