స్టార్లు తర్వాత వేద్దువు గానీ

తమ్ముడూ,

నువ్వు పంపిన రివ్యూలన్నీ చదివాను. భాష బాగుంది, చదివించే గుణం ఉంది. కానీ ఒక పని చెయ్యి. ప్రతి రివ్యూలోనూ సినిమా పేరు, హీరో పేరు చేత్తో మూసేసి మళ్లీ చదువు. ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ కాస్త ల్యాగ్, బీజీఎం అదిరింది, విజువల్స్ కన్నుల పండుగ. ఇవి పోయిన శుక్రవారం వచ్చిన సినిమాకీ సరిపోతాయి, వచ్చే శుక్రవారం రాబోయేదానికీ సరిపోతాయి. నీకు నచ్చిందో లేదో తెలిసింది గానీ ఎక్కడ నచ్చింది, ఎక్కడ కుర్చీలో ఇబ్బందిగా కదిలావు, అది తెలియలేదు. నాకు కావలసింది అదే.

రంగస్థలం (2018) తీసుకో. సౌండ్ బాగుందని అందరూ అన్నారు, ఆడియోగ్రఫీకి జాతీయ అవార్డు కూడా వచ్చింది. కానీ అందులో హీరోకి సరిగా వినపడదు కదా, మరి ఒక్కో సీన్లో మనకి వినిపించేది ఊరికి వినిపించేదా, చిట్టిబాబుకి వినిపించేదా? ఎక్కడ ఏ మాట అతనికి అందలేదు, అందకపోవడం వల్ల కథ ఎటు తిరిగింది? ఈ ప్రశ్నతో ఇంకోసారి చూస్తే నీకు ఒక పేజీ రాయడానికి సరుకు దొరుకుతుంది, ఆ పేజీ ఇంకే సినిమాకీ అతకదు. ఆ ఊరు చాలావరకు హైదరాబాద్‌లో వేసిన సెట్టు. అయినా రాజోలు పక్క మట్టపర్రులో పుట్టిన సుకుమార్ తీస్తే నాకది మన పల్లెలాగే అనిపించింది. ఎందుకనిపించిందో వెతకడమే మన పని, అనిపించింది అని రాసి ఊరుకోవడం కాదు.

విజువల్స్ మాటకొస్తే, మన ప్రాంతం మీద నీకున్న హక్కు హైదరాబాద్‌లో కూర్చుని రాసేవాళ్లకి లేదు. తెర మీద గోదారి అంటే కొబ్బరిచెట్లు, రేవు దాటించే పంటు, తెల్లారగట్ల మంచు, లంగా ఓణీ. బానే ఉంటుంది, నేనూ కాదనను. కానీ వరదల్లో ఎర్రనీళ్లొచ్చి లంకల్లో జనం పడవల మీద తిరగడం, భీమవరం చుట్టూ వరిచేలు రొయ్యల చెరువులైపోయి రాత్రీ పగలూ నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతూ ఉండటం, గుర్రపుడెక్క పట్టేసిన కాలవ, ఇవి ఎన్ని సినిమాల్లో చూశావు? కెమెరా ఏం చూపించిందో అందరూ రాస్తారు. ఏది తప్పించుకుని పక్కకి తిరిగిందో నువ్వు రాయగలవు, ఎందుకంటే రోజూ ఆ గట్టు మీదే బండి మీద వెళ్తున్నావు.

యాస సంగతీ అంతే. "ఆయ్, వత్తన్నానండి" అనగానే హాల్లో నవ్వు. మన ఇళ్లల్లో చావు కబురు కూడా ఆ యాసలోనే చెప్పుకుంటాం. సినిమాలో ఆ మాట పాలేరుకీ కమెడియన్‌కీ ఇచ్చి, అదే ఊళ్లో పుట్టిన హీరోకి మాత్రం పుస్తకం భాష ఇస్తే దాన్ని పట్టుకో, గట్టిగా రాయి. ఈ విషయంలో మొహమాటపడకు.

పాటల గురించి "సాంగ్స్ ప్లస్" అని ఇంకెప్పుడూ రాయకు. మాటలు చేతికొచ్చాకే బాణీ కట్టేవారని కె.వి. మహదేవన్ గారికి పేరు. మూగమనసులు (1964) పాటలు ఆ చెవితో విను, మాట ఎక్కడా నలగదు. ఇప్పుడు చాలా పాటలకి బాణీ ముందు, మాట తర్వాత, దాంతో కొన్నిచోట్ల తెలుగు మాట మధ్యకి విరిగిపోతుంది. అలాగని పాతదంతా గొప్పని నేననను. ఏ మాట విరిగిందో చూపించగలిగితేనే విరిగిందని రాయి. లిరికల్ వీడియోలో విన్న పాట సినిమాలో ఎక్కడ వచ్చింది, వచ్చాక ఆ మనుషుల మధ్య ఏం మారింది, అదీ చూడు.

సీరియళ్లని వెక్కిరిస్తూ రాసిన ముక్క తీసెయ్. అమ్మ పక్కన కూర్చుని ఒక వారం చూసి, ఆవిడ ఏ సీన్లో టీవీతో మాట్లాడుతోందో గమనించి అప్పుడు రాయి.

మన జిల్లాల్లో ఇంకో బాధ ఉంది, ముందే చెప్తున్నాను. నీ ఇంటిపేరు చూసి నువ్వు ఏ హీరో మనిషివో తేల్చేస్తారు. పొగిడితే మనవాడనీ, తిడితే కులగజ్జనీ అంటారు. నాకూ ఇది తప్పలేదు, ఇప్పటికీ బాధేస్తుంది. జవాబులిస్తూ కూర్చోకు, కానీ దానికి భయపడి మాట మింగనూ మింగకు. సీన్ చూపించి రాసిన విమర్శని తిట్టొచ్చు గానీ కొట్టిపారెయ్యడం కష్టం. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ గారు ఆంధ్రపత్రికలో సినిమా విమర్శలు రాసి ఆ తర్వాత సినిమాలకే రాశారు. ఆ విమర్శలు దొరికితే వదలకు, తిట్టినప్పుడు కూడా ఆయన సినిమాని ఎంత దగ్గరగా చూశారో తెలుస్తుంది.

ఇంటర్వెల్లో పోస్ట్ పెట్టడం మానెయ్. వ్యూస్ తగ్గుతాయి, నిజమే, టెన్షన్‌గానే ఉంటుంది. అయినా ఒక రాత్రి ఆగు.

ఈసారి రివ్యూ పంపొద్దు. మొన్న చూసిన సినిమాలో ఒక్క సీన్, నీకు మింగుడుపడనిది, అందులో ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఏం వినపడింది, నువ్వెందుకు నమ్మలేకపోయావు, ఇంతే రాసి పంపు. స్టార్లు వెయ్యకు.

ఇట్లు,
మీ అన్న
పాలకొల్లు